మెదడు లోపలి అల్లికను చూడాలంటే ఏ పద్ధతి పట్టుకోవాలి?

ఈ రంగంలోకి కొత్తగా వచ్చేవాళ్లు నన్ను అడిగే మొదటి ప్రశ్న దాదాపు ఎప్పుడూ ఒకటే: "వీటన్నింట్లో రెజల్యూషన్ దేనికి ఎక్కువ?" జవాబు ఒక్క ముక్కలో చెప్పేయొచ్చు: ఎలక్ట్రాన్ మైక్రోస్కోపీకి. కానీ ఆ జవాబు అడిగినవాళ్లలో ఎక్కువమందికి ఎందుకూ పనికిరాదు. హార్వర్డ్, గూగుల్ బృందాలు కలిసి 2024లో ప్రచురించిన హెచ్01 మ్యాప్ సంగతే చూడండి. అందులో ఉన్నది సుమారు 1 ఘన మిల్లీమీటరు మానవ మెదడు, అంటే బియ్యపు గింజలో సగం ఉంటుందేమో. దాన్ని ఫొటోలు తీయడానికి 326 రోజులు పట్టింది. డేటా 1.4 పెటాబైట్లు. మనిషి మెదడు మొత్తం సుమారు 12 లక్షల ఘన మిల్లీమీటర్లు. అదే వేగంతో, ఒకే మెషీన్ మీద మొత్తం మెదడును తీయాలంటే పది లక్షల ఏళ్లు దాటుతుంది.

దుప్పటి పొట్టిదైతే తల కప్పుకుంటే కాళ్లు బయటికొస్తాయి. ఇక్కడా అంతే. ఎంత సన్నగా చూస్తామో అంత తక్కువ మేర చూస్తాం. పైగా బాగా సన్నగా చూడాలంటే మెదడు పుర్రెలోంచి బయటికి రావాలి. అందుకే నా లెక్కలో రెజల్యూషన్ అడగాల్సిన చివరి ప్రశ్న. దానికంటే ముందు తేల్చుకోవాల్సినవి ఐదున్నాయి.

ముందు తేల్చుకోవాల్సినవి

మొదటిది, మెదడు ఎవరిది? బతికున్న మనిషిదా, చనిపోయాక దానం చేసినదా, ఆపరేషన్‌లో తీసిన చిన్న ముక్కా? ఈ ఒక్క జవాబుతోనే సగం పద్ధతులు జాబితాలోంచి పోతాయి. బతికున్న మనిషి అయితే మీ చేతిలో ఉండేది ఎంఆర్ఐ ఒక్కటే అనుకోండి.

రెండోది, మీకు ఏం కనిపించాలి? "సూక్ష్మ నిర్మాణం" అనే మాట చాలా వదులు మాట. నరాల తంతువుల పెద్ద కట్టలు మిల్లీమీటర్లలో ఉంటాయి. మెదడు పైపొరను కార్టెక్స్ అంటారు, దాని మందం 2 నుంచి 4 మిల్లీమీటర్లు. అందులో ఆరు పొరలుంటాయి కాబట్టి ఒక్కో పొర కొన్ని వందల మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు). న్యూరాన్ కణదేహం 10-20 మైక్రాన్లు. న్యూరాన్ నుంచి సాగే తంతువులు, అంటే ఆక్సాన్లు, మెదడులో చాలావరకు 1 మైక్రాన్ దగ్గరే, అంతకంటే సన్నవీ ఎన్నో. రెండు న్యూరాన్లు మాట్లాడుకునే సినాప్స్ దగ్గర సందు సుమారు 20 నానోమీటర్లు (నానోమీటరు అంటే మైక్రాన్‌లో వెయ్యో వంతు). కట్టలకూ సినాప్స్ సందుకూ మధ్య లక్ష రెట్ల తేడా ఉంది. అన్నీ ఒకే కెమెరాలో పడతాయని ఆశపడకండి.

మూడోది, ఎంత మేర కావాలి? నాలుగోది, ఆ శాంపిల్ తర్వాత ఇంకో పనికి మిగలాలా? ఈ రెండూ ప్రాజెక్టు సగంలో ఉండగా గుర్తొస్తే చాలా బాధగా ఉంటుంది.

ఐదోది నాకు అన్నింటికంటే ముఖ్యం: మీరు నిజంగా చూస్తున్నారా, లెక్కగట్టి ఊహిస్తున్నారా? మైక్రోస్కోపు కింద ఆక్సాన్ కనిపిస్తే అది ఆక్సానే. ఎంఆర్ఐలో మాత్రం ఏ ఒక్క ఆక్సానూ కనిపించదు. సిగ్నల్‌ను చూసి, ఒక మోడల్ వేసి, "ఇక్కడ తంతువులు ఇంత చిక్కగా ఉండి ఉండాలి" అని లెక్క చెబుతాం. మోడల్ తప్పయితే అంకె అందంగానే వస్తుంది, అర్థం మాత్రం ఉండదు.

| పద్ధతి | ఎవరి మెదడు | ఎంత సన్నగా | ఎంత మేర | చూడటమా, లెక్కా |
|---|---|---|---|---|
| డిఫ్యూజన్ ఎంఆర్ఐ | బతికున్న మనిషి | 1.25-2.5 మి.మీ. వోక్సెల్ (చిత్రంలోని త్రీడీ చుక్క) | మొత్తం మెదడు | లెక్క |
| 7 టెస్లా (అయస్కాంత బలం), ఆపై ఎంఆర్ఐ | బతికున్న మనిషి, దానం చేసిన మెదడు | బతికుంటే 0.5 మి.మీ. చుట్టుపక్కల, దానం చేసినదైతే 0.1 మి.మీ. | మొత్తం మెదడు | రెండూ కొంచెం కొంచెం |
| సెక్షన్లు కోసి రంగు వేయడం | దానం చేసినది | 1-20 మైక్రాన్లు | ఓపికుంటే మొత్తం మెదడు | చూడటం |
| పోలరైజ్డ్ లైట్ | దానం చేసినది | సెక్షన్ తలం మీద 1.3 మైక్రాన్ల దాకా | పెద్ద సెక్షన్లు | రెండూ |
| సింక్రోట్రాన్ ఎక్స్‌రే | దానం చేసినది | 20-25 మైక్రాన్లు, జూమ్ చేస్తే 1 మైక్రాన్ దగ్గర | మొత్తం మెదడు, అందులో చిన్న చోట్లు | చూడటం |
| పారదర్శకం చేసి లైట్ మైక్రోస్కోపు | దానం చేసినది, ఆపరేషన్ ముక్క | 1 మైక్రాన్ లోపు | ముక్కలు, పలకలు | చూడటం |
| ఎలక్ట్రాన్ మైక్రోస్కోపీ | ఆపరేషన్ ముక్క | 4 నానోమీటర్ల పిక్సెల్ | 1 ఘన మి.మీ. | చూడటం |

ఇక ఒక్కోదాని సంగతి. కొన్నింటి దగ్గర ఎక్కువసేపు ఆగుతాను, ఎందుకంటే తప్పులు ఎక్కువ జరిగేది అక్కడే.

డిఫ్యూజన్ ఎంఆర్ఐ: ఎక్కువమందికి ఇదే, జాగ్రత్త కూడా ఎక్కువ ఇక్కడే

దీని కిటుకు చాలా అందమైనది. మెదడులో నీటి అణువులు ఒక్కచోట ఉండవు, అటూ ఇటూ కొట్టుకుంటూనే ఉంటాయి. స్కానర్ వాటిని గమనించే యాభై మిల్లీసెకన్లలో అవి దాదాపు పది మైక్రాన్ల దూరం కదులుతాయి. ఆక్సాన్ల కట్ట ఉన్నచోట కట్ట వెంబడి పోవడం తేలిక, అడ్డంగా పోవడం కష్టం. ఆ తేడాను పట్టుకుంటే కట్ట ఏ దిక్కుకు పోతోందో తెలుస్తుంది. చిత్రం మిల్లీమీటర్లలో ఉన్నా, అందులోని సిగ్నల్ మాత్రం మైక్రాన్ల కబురు మోస్తుంది.

పాత, సులువైన దారి డీటీఐ (డిఫ్యూజన్ టెన్సర్ ఇమేజింగ్). 1994లో బాసర్, మాటియెల్లో, లెబిహాన్ ప్రతిపాదించారు. కనీసం ఆరు దిక్కుల్లో కొలిస్తే చాలు, ముప్పై దిక్కులుంటే నమ్మకంగా ఉంటుంది. మామూలు 3 టెస్లా స్కానర్‌లో ఐదు నుంచి పది నిమిషాల పని. చివరికి ఎఫ్ఏ (ఫ్రాక్షనల్ ఎనైసోట్రొపీ) అనే అంకె వస్తుంది. సున్నా అంటే నీరు అన్ని దిక్కులా ఒకేలా కదులుతోందని, ఒకటి అంటే ఒకే దిక్కున కదులుతోందని.

ఇక్కడే పెద్ద పొరపాటు. "ఎఫ్ఏ తగ్గింది, కాబట్టి నరాలు దెబ్బతిన్నాయి" అనే వాక్యం ఎన్ని పేపర్లలో చూశానో లెక్కలేదు. దూరపు కొండలు నునుపు అంటారే, 2 మిల్లీమీటర్ల వోక్సెల్ అచ్చంగా అదే. ఒక వోక్సెల్ అంటే 8 ఘన మిల్లీమీటర్లు, లక్షల ఆక్సాన్లు. మెదడు తెల్ల పదార్థంలో సగానికి పైగా వోక్సెళ్లలో ఒకటి కంటే ఎక్కువ కట్టలు ఒకదాన్నొకటి దాటుతుంటాయి. రెండు ఆరోగ్యమైన కట్టలు అడ్డంగా దాటినచోట కూడా ఎఫ్ఏ తక్కువే వస్తుంది. ఇంకా తమాషా ఏమిటంటే, ఆ రెండింట్లో ఒకటి జబ్బుతో పలచబడితే మిగిలింది ఒకే దిక్కు కాబట్టి ఎఫ్ఏ పెరగొచ్చు కూడా. పేషెంటుకు జబ్బు ముదిరింది, అంకె మెరుగైంది! అందుకే ఎఫ్ఏను ఆరోగ్యానికి మార్కుల్లా చదవకండి.

దీనికి మందుగా 2012లో లండన్ యూనివర్సిటీ కాలేజీ నుంచి నాడీ (NODDI) అనే మోడల్ వచ్చింది. పేరు పలికితే మన నాడి లాగే ఉంటుంది, వాళ్లకు ఆ సంగతి తెలిసి ఉండదు. ఇది ఒక్క ఎఫ్ఏను రెండుగా విడగొడుతుంది: తంతువులు ఎంత చిక్కగా ఉన్నాయి, ఎంత చెల్లాచెదురుగా పోతున్నాయి. దీనికి కనీసం రెండు బి-విలువలతో (నీటి కదలికకు స్కాన్ ఎంతగా స్పందించాలో చెప్పే సెట్టింగు) స్కాన్ తీయాలి. పాత డీటీఐ డేటా ఒక్క బి-విలువతోనే ఉంటే దాన్ని తెచ్చి నాడీలో వేయకండి. ఇంకో సంగతి, ఈ మోడల్ తంతువు వెంబడి నీటి వేగానికి అన్నిచోట్లా ఒకే స్థిరమైన విలువ పెట్టుకుంటుంది. తెల్ల పదార్థంలో అది కొంతవరకు చెల్లుతుంది. కార్టెక్స్‌లో, పసిపిల్లల మెదడులో, వాపున్నచోట అదే లెక్క చెల్లుతుందని ఎవరైనా అంటే నేను వెంటనే నమ్మను.

ట్రాక్టోగ్రఫీ, అంటే ఆ దిక్కులన్నీ కలిపి దారులు గీయడం, చూడటానికి కన్నులపండుగ. పుస్తకాల అట్టల మీదకు ఎక్కేవి ఆ రంగురంగుల దారాలే. కానీ 2017లో ఇరవై బృందాలకు ఒకే డేటా ఇచ్చి పరీక్షించారు. నిజం దారులేవో ముందే తెలిసిన డేటా అది. అసలు దారుల్లో చాలావాటిని ఎక్కువమంది పట్టుకున్నారు. దాంతోపాటు అసలు లేని దారులను కూడా గీశారు, సగటున వాటి సంఖ్య ఉన్న దారుల కంటే ఎక్కువ. ముందే తెలిసిన దారి ఎటు పోతోందో చూసుకోవడానికి, ఆపరేషన్ ముందు ప్లాన్ వేసుకోవడానికి ఇది బాగుంటుంది. కొత్త దారి కనిపెట్టామని చాటడానికి మాత్రం ఇదొక్కటీ చాలదు.

నా అనుభవం ఒకటి చెప్తాను. ఒకసారి నా దగ్గరకు వచ్చిన స్కాన్‌లో గ్రేడియెంట్ (ఏ దిక్కున కొలవాలో నిర్ణయించే అదనపు అయస్కాంత క్షేత్రం) దిక్కుల ఫైలులో ఒక అక్షం గుర్తు తిరగబడి ఉంది, ప్లస్ బదులు మైనస్. ఎఫ్ఏ మ్యాప్ చక్కగా ఉంది. రంగుల మ్యాప్ కూడా చక్కగానే ఉంది: మెదడు రెండు సగాలనూ కలిపే కార్పస్ కెలోసం ఎరుపు, కింద నుంచి పైకి పోయే కట్టలు నీలం, ముందు నుంచి వెనక్కి పోయేవి ఆకుపచ్చ. రంగు వేసేటప్పుడు ప్లస్సా మైనస్సా అని చూడరు కాబట్టి తప్పు కనిపించనే లేదు. ట్రాక్టోగ్రఫీ నడిపితే మాత్రం, కార్పస్ కెలోసం ముందు వంపు దగ్గర లోపలికి వంగాల్సిన దారాలు బయటికి చిమ్ముకుని మధ్యలోనే తెగిపోతున్నాయి. మూడు రోజులు సాఫ్ట్‌వేర్‌ను తిట్టుకున్నాను. చివరికి ప్రతి వోక్సెల్ మీద చిన్న పుల్లలా దిక్కును గీసి చూస్తే, వంపు ఎడమకు తిరిగినచోట పుల్లలు కుడికి చూస్తున్నాయి. అప్పటినుంచి ఏ డేటా వచ్చినా మొదట తెరిచేది ఆ పుల్లల చిత్రమే. ఒక నిమిషం పని.

డేటా కోసం సొంత స్కానర్ ఉండాల్సిన పనిలేదు. మెదడు కనెక్షన్లను మ్యాప్ చేసే హ్యూమన్ కనెక్టోమ్ ప్రాజెక్టు దాదాపు 1,200 మంది యువకుల స్కాన్లను అందుబాటులో పెట్టింది, డిఫ్యూజన్ వోక్సెల్ 1.25 మిల్లీమీటర్లు. అంత నాణ్యత కోసం ఒక్కొక్కరు డిఫ్యూజన్‌కే దాదాపు గంటసేపు స్కానర్‌లో పడుకున్నారు. మీ ఆసుపత్రి పేషెంటు అంతసేపు కదలకుండా ఉంటాడా అన్నది ముందే ఆలోచించుకోండి.

టెస్లా పెంచితే సరిపోతుందా?

అంత సులువైతే ఈ విభాగం రాయనక్కర్లేదు. ఫ్రాన్స్‌లోని సాక్లేలో ఇసూల్ట్ అనే స్కానర్ ఉంది. 11.7 టెస్లా, అయస్కాంతం బరువు 132 టన్నులు. 2024లో మొదటి మానవ మెదడు చిత్రాలు విడుదల చేశారు. నాలుగు నిమిషాల్లో, తలం మీద 0.2 మిల్లీమీటర్ల వివరంతో, 1 మిల్లీమీటరు మందం స్లైసులు. చూస్తే నోరు తెరుచుకోవాల్సిందే.

కార్టెక్స్ పొరలు, మైలిన్ (ఆక్సాన్ల చుట్టూ ఉండే కొవ్వు తొడుగు), ఇనుము పేరుకున్న చోట్లు, సన్నని సిరలు చూడాలంటే 7 టెస్లా నిజంగా లాభం. డిఫ్యూజన్‌కు మాత్రం అంత సూటి లాభం లేదు. అయస్కాంతం బలం పెరిగితే సిగ్నల్ త్వరగా చచ్చిపోతుంది, గాలి ఉండే సైనస్‌ల దగ్గర చిత్రం సాగిపోతుంది. డిఫ్యూజన్‌కు అసలు బలం గ్రేడియెంట్ నుంచి వస్తుంది. మామూలు స్కానర్లలో అది మీటరుకు 40-80 మిల్లీటెస్లా. బోస్టన్‌లో కనెక్టోమ్ కోసం ప్రత్యేకంగా కట్టిన స్కానర్‌లో 300, దాని రెండో తరంలో 500. ఆక్సాన్ మందం అంచనా వేయాలన్న కోరిక ఉంటే టెస్లా వెనక పడకుండా గ్రేడియెంట్ ఎంతని అడగండి.

దానం చేసిన మెదడైతే కథ మారిపోతుంది. గుండె కొట్టుకోదు, ఊపిరి ఉండదు, కదలిక లేదు, టైముకు కొరత లేదు. 2019లో ఒక మెదడును 7 టెస్లాలో దాదాపు వంద గంటలు స్కాన్ చేసి 100 మైక్రాన్ల చిత్రం తెచ్చారు. బతికున్నవాళ్ల మీద అది ఎప్పటికీ సాధ్యం కాదు. ఫార్మలిన్‌లో ఉన్న మెదడులో నీటి కదలిక బాగా తగ్గిపోతుందని మాత్రం గుర్తుంచుకోండి. బతికున్న మెదడు అంకెలతో దాన్ని నేరుగా పోల్చకూడదు.

కోసి రంగు వేయడం: పాతదని చిన్నచూపు వద్దు

బ్రాడ్‌మన్ 1909లో గీసిన కార్టెక్స్ మ్యాప్‌లోని నంబర్లను ఇవాళ్టికీ అందరం వాడుతున్నాం. అది పూర్తిగా కోసి, రంగు వేసి, కంటితో చూసి చేసిన పని. ఆ పద్ధతికి ఇప్పటి రూపం బిగ్‌బ్రెయిన్. 65 ఏళ్ల వ్యక్తి మెదడును 20 మైక్రాన్ల మందంతో 7,404 సెక్షన్లు కోసి, కణాలకు రంగు వేసి, స్కాన్ చేసి, మళ్లీ కంప్యూటర్‌లో త్రీడీగా కూర్చారు. జర్మనీలోని యూలిష్, కెనడాలోని మాంట్రియల్ బృందాలు 2013లో దాన్ని బయటపెట్టాయి. ఐఐటీ మద్రాస్ సుధా గోపాలకృష్ణన్ బ్రెయిన్ సెంటర్ 2024 చివర్లో విడుదల చేసిన ధరణి అట్లాస్ కూడా ఈ కోవలోదే. గర్భంలో రెండో త్రైమాసికంలో ఉన్న శిశువుల మెదళ్ల సెక్షన్లు అందులో 5,132 ఉన్నాయి. అభివృద్ధి దశ మీద పనిచేసేవాళ్లు తప్పక చూడాల్సింది.

దీని బలం నమ్మకం. కణం అంటే కణమే. కష్టమంతా చేతుల్లో ఉంది. సన్నగా కోసే యంత్రం మైక్రోటోమ్ బ్లేడు నుంచి వచ్చిన సెక్షన్‌ను గోరువెచ్చని నీటి మీద వదిలితే అది మెల్లగా విచ్చుకుంటుంది. నీరు కాస్త వేడెక్కితే ఎక్కువ సాగిపోతుంది, చల్లగా ఉంటే ముడతలు పోవు. కింద నుంచి గాజు పలకను వంచి ఎత్తేటప్పుడు చెయ్యి కొంచెం వణికితే ఒక మూల మడతపడుతుంది. ఆ మడత తర్వాత త్రీడీలో నల్లటి గీతలా మిగిలిపోతుంది. ఇలా వేల సెక్షన్లు. ఒక్కోటీ ఒక్కో తీరుగా సాగి, కుదించుకుని ఉంటుంది కాబట్టి వాటిని మళ్లీ ఒకదానిమీద ఒకటి సరిగ్గా పేర్చడం కోయడం కంటే పెద్ద పని. అందుకే కోసేముందు అదే మెదడుకు ఎంఆర్ఐ తీసి పెట్టుకుంటారు, అసలు ఆకారం ఏమిటో చెప్పడానికి సాక్షి ఉండాలని.

ఇంకో హెచ్చరిక: కణాల రంగులో తంతువులు కనిపించవు, మైలిన్ రంగులో కణాలు కనిపించవు. మీకేం కావాలో రంగు ఎంచుకునే ముందే తెలియాలి.

పోలరైజ్డ్ లైట్: తంతువులే కావాలంటే

యూలిష్‌లోనే పెంచి పోషించిన పద్ధతి ఇది. గడ్డకట్టించిన మెదడును సుమారు 60 మైక్రాన్ల మందాన కోసి, ఏ రంగూ వేయకుండా, తిరిగే పోలరైజింగ్ ఫిల్టర్ల మధ్య పెడతారు. మైలిన్ కాంతిని దిక్కును బట్టి వేరువేరుగా పంపుతుంది. ఫిల్టర్ తిరిగేకొద్దీ ప్రతి పిక్సెల్ వెలుగు పెరుగుతూ తగ్గుతూ ఉంటుంది, అందులోంచి తంతువు దిక్కు తీస్తారు. డిఫ్యూజన్ ఎంఆర్ఐ చెప్పింది నిజమో కాదో తేల్చాలంటే దీన్ని మించిన న్యాయమూర్తి దాదాపు లేదు. మైలిన్ లేని ఆక్సాన్లు దీనికి కనిపించవు, సెక్షన్‌కు నిటారుగా పోయేవి మసకగా ఉంటాయి. ఈ పరికరాలు ఉన్న ల్యాబులు కొన్నే. కొత్తగా కట్టుకోవడం కంటే ఉన్నవాళ్లతో చేతులు కలపడం మేలు.

సింక్రోట్రాన్ ఎక్స్‌రే: కోయకుండా లోపలికి

గ్రెనోబుల్‌లోని యూరోపియన్ సింక్రోట్రాన్ (ఎలక్ట్రాన్లను రింగులో తిప్పి బలమైన కిరణాలు పుట్టించే యంత్రం) ఎక్స్‌రే కేంద్రంలో 2021లో ప్రచురించిన హిప్-సీటీ పద్ధతిలో మొత్తం అవయవాన్ని కోయకుండా 20-25 మైక్రాన్లలో తీసి, ఆసక్తిగా ఉన్న చోటికి జూమ్ చేసి 1 మైక్రాన్ దగ్గర దాకా వెళ్లొచ్చు. గూగుల్ మ్యాప్‌లో దేశం నుంచి వీధికి దిగినట్టే. మెదడును ఇథనాల్‌లో నానబెట్టి, జెల్లీ లాంటి అగార్‌లో కదలకుండా బిగిస్తారు. రక్తనాళాలకూ, కణాల పొరలకూ బాగుంటుంది. ఒక్కో తంతువును విడదీసి చూడాలంటే కాంట్రాస్ట్ చాలదు. అన్నింటికంటే పెద్ద లాభం, ఆ మెదడు తర్వాత కోయడానికి మిగిలే ఉంటుంది. అన్నింటికంటే పెద్ద చిక్కు, బీమ్ టైము, అంటే ఆ యంత్రం మీద మనకిచ్చే సమయం. ప్రపోజల్ రాసి, అది ఒప్పుకున్నాక ఇచ్చిన రోజుల్లోనే పని ముగించాలి.

పారదర్శకం చేయడం, ఉబ్బించడం

మెదడు ఎందుకు తెల్లగా, పాలలా కనిపిస్తుంది? కొవ్వు, నీరు కాంతిని వేరువేరుగా వంచుతాయి కాబట్టి. కొవ్వు తీసేస్తే ముక్క గాజులా అవుతుంది. 2013లో వచ్చిన క్లారిటీ పద్ధతితో ఇది పేరు తెచ్చుకుంది. తర్వాత యాంటీబాడీలతో కావాల్సిన కణాలకు మాత్రమే రంగు వేసి, పలచని కాంతి రేకుతో త్రీడీలో చూడొచ్చు. "ఈ రకం కణాలు ఎన్ని, ఎక్కడ" అనే ప్రశ్నకు ఇదే జవాబు.

ఎలుక మెదడులో ఎంతో సాఫీగా సాగే ఈ పని మనిషి మెదడు దగ్గర మొండికేస్తుంది. పెద్దవాళ్ల మెదడులో మైలిన్ ఎక్కువ, కొవ్వు కరగడానికి చాలా టైము పడుతుంది. వయసుతో లిపోఫ్యూసిన్ అనే పదార్థం కణాల్లో చేరి తనంతట తానే మెరుస్తూ అసలు రంగును మింగేస్తుంది. యాంటీబాడీ లోతుకు దిగడానికి కూడా టైము పడుతుంది. ఎలుక పేపర్లు చూసి మనిషి మెదడుకు టైంటేబుల్ వేసుకుంటే టెన్షన్ తప్పదు.

దీనికి తమ్ముడి లాంటిది 2015లో వచ్చిన ఉబ్బించే పద్ధతి. డైపర్లలో నీటిని పీల్చే పదార్థం లాంటి జెల్‌ను కణజాలంలోకి పంపి, నీరు పోసి నాలుగున్నర రెట్లు ఉబ్బిస్తారు. లైట్ మైక్రోస్కోపు 200 నానోమీటర్లకు మించి విడదీసి చూడలేదు. వస్తువే పెద్దదైతే దాని హద్దు కూడా 70 నానోమీటర్ల దాకా దిగుతుంది. 2025లో లైకాన్ అనే పద్ధతి సుమారు పదహారు రెట్లు ఉబ్బించి, మామూలు లైట్ మైక్రోస్కోపుతోనే సినాప్స్ స్థాయి కనెక్షన్లు గీసింది. అది ఎలుక మెదడు మీద చేసిన పని. మనిషి మెదడుకు కూడా ఇది చేరితే ఎలక్ట్రాన్ మైక్రోస్కోపీకి నిజమైన పోటీ అవుతుందని నా అంచనా. ఇప్పుడే పీహెచ్‌డీ మొదలుపెట్టేవాళ్లు దీని మీద ఒక కన్నేసి ఉంచండి.

ఎలక్ట్రాన్ మైక్రోస్కోపీ: సినాప్స్ కావాలంటే వేరే దారి లేదు

హెచ్01 దగ్గరికి మళ్లీ వద్దాం. ఆ ముక్క మూర్ఛకు ఆపరేషన్ చేయించుకున్న 45 ఏళ్ల స్త్రీది. జబ్బు ఉన్న చోటికి చేరడానికి అడ్డొచ్చిన కార్టెక్స్‌లోంచి తీశారు. ఇది ముఖ్యమైన సంగతి. చనిపోయాక నిమిషాల్లోనే కణాల పొరలు చెదరడం మొదలవుతుంది, నానోమీటర్లలో చూస్తే ఆ చెదరడమే కనిపిస్తుంది. తాజా ముక్క కావాలంటే ఆపరేషన్ థియేటర్ తలుపు దగ్గర డబ్బాతో నిలబడాల్సిందే.

దాన్ని 30 నానోమీటర్లకు కాస్త ఎక్కువ మందంతో 5,000కు పైగా సెక్షన్లు కోశారు. దొరికినవి: సుమారు 57,000 కణాలు, 15 కోట్ల సినాప్స్‌లు, 23 సెంటీమీటర్ల రక్తనాళాలు. న్యూరాన్ల కంటే వాటికి తోడుండే గ్లియా కణాలు రెండింతలు. ఎక్కువ ఆక్సాన్లు ఒక న్యూరాన్‌తో ఒకే ఒక్క సినాప్స్ పెట్టుకుంటే, అరుదుగా కొన్ని ఒకే న్యూరాన్‌తో యాభైకి పైగా పెట్టుకున్నాయి. ఈ సంగతి ఎంఆర్ఐ ఎన్నటికీ చెప్పలేదు.

కానీ ఒక మనిషి, ఒక చోటు, ఒక చిన్న ముక్క. దాన్నిబట్టి "మానవ మెదడు ఇలా ఉంటుంది" అనడం ఒక ఇంటి గోడ చూసి ఊరంతా చెప్పడమే. పైగా తీయడం ఒక వంతైతే, కంప్యూటర్ గీసిన దారుల్లో తప్పులు దిద్దడం పది వంతులు. మెషీన్ రెండు న్యూరాన్లను ఒకటిగా కలిపేస్తుంది, ఒకదాన్ని రెండుగా తెంపేస్తుంది. పండ్ల ఈగ మెదడు మొత్తం మ్యాప్ 2024లో పూర్తయింది, 1,39,255 న్యూరాన్లు. దానికే ప్రపంచం నలుమూలల నుంచి మనుషులు కూర్చుని దిద్దాల్సి వచ్చింది. మనిషి మెదడులో న్యూరాన్లు సుమారు 8,600 కోట్లు.

మీరెవరో దాన్నిబట్టి

న్యూరాలజీ లేదా రేడియాలజీ పీజీ అయి, పేషెంట్లతో థీసిస్ చేయాలంటే డిఫ్యూజన్ ఎంఆర్ఐ. మీ స్కానర్‌లో పది, పదిహేను నిమిషాలు దొరికితే రెండు బి-విలువలు పెట్టించండి. ఈ రోజు డీటీఐతోనే సరిపెట్టుకున్నా, రేపు వేరే మోడల్ వాడే దారి తెరిచి ఉంటుంది. వెనక్కి వెళ్లి పాత పేషెంటుకు రెండో బి-విలువ తీయలేరు. ఫలితాల్లో "నరాల సమగ్రత" లాంటి మాటలు రాయకండి, కొలిచింది ఏమిటో అదే రాయండి.

అనాటమీ విభాగంలో ఉండి, దానం చేసిన మెదడు చేతికి అందేవాళ్లకు పద్ధతుల వరుసే అసలు నిర్ణయం. ముందు ఎంఆర్ఐ, వీలైతే ఎక్స్‌రే, ఆ తర్వాతే కత్తి. కొవ్వు తీసేశాక మైలిన్ అడగలేరు. ఒక పక్క అర్ధగోళాన్ని ముట్టుకోకుండా దాచుకోవడం నేను ఎప్పుడూ చెప్పే సలహా. రెండేళ్ల తర్వాత కొత్త రంగు వస్తుంది, అప్పుడు దాని కోసం చూసుకోవచ్చు.

సర్క్యూట్ల మీద, సినాప్స్‌ల మీద ప్రశ్న ఉన్నవాళ్లు ఎలక్ట్రాన్ మైక్రోస్కోపీకే వెళ్లాలి. సొంతంగా మొదలుపెట్టే ముందు హెచ్01లో మీ ప్రశ్నకు జవాబు ఇప్పటికే ఉందేమో వెతకండి. ఆ డేటాలో ఇంకా ఎవరూ చూడని భాగమే ఎక్కువ.

ఇంజినీరింగ్, డేటా సైన్స్ నుంచి వచ్చినవాళ్ల దగ్గర స్కానరూ ఉండదు, మైక్రోటోమూ ఉండదు. మీకు కొరత కూడా లేదు. ఇమేజ్ సెగ్మెంటేషన్ ఇష్టమైతే హెచ్01, త్రీడీ అతికింపు లెక్కలు ఇష్టమైతే బిగ్‌బ్రెయిన్, సిగ్నల్ మోడలింగ్ ఇష్టమైతే హ్యూమన్ కనెక్టోమ్ డేటా. బిగ్‌బ్రెయిన్‌కు కుదించిన రూపాలు కూడా ఉన్నాయి. 400 మైక్రాన్లది ల్యాప్‌టాప్‌లోనే తెరుచుకుంటుంది, పూర్తి 20 మైక్రాన్లది టెరాబైట్ దాకా ఉంటుంది. మొదటి రోజే పెద్దది డౌన్‌లోడ్ పెట్టి వారం పోగొట్టుకోకండి.

ఇవన్నీ చదివినా తేలకపోతే హెచ్01ను బ్రౌజర్‌లో తెరవండి, ఏమీ ఇన్‌స్టాల్ చేయనక్కర్లేదు. ఒక సన్న ఆక్సాన్‌ను ఎంచుకుని, కంప్యూటర్ వేసిన రంగులు తీసేసి, బూడిద రంగు చిత్రంలోనే స్లైసు తర్వాత స్లైసు దాని వెంట పడండి. కొన్నిచోట్ల అది పక్కదానికి అతుక్కున్నట్టు కనిపిస్తుంది, ఒక స్లైసులో మసకేసి తర్వాతి దాంట్లో కాస్త పక్కన తేలుతుంది. అరగంట తర్వాత రంగులు మళ్లీ పెట్టి, మీరు చేరిందీ కంప్యూటర్ చేరిందీ ఒకే చోటేనా చూడండి. తేడా వచ్చినప్పుడు తప్పెవరిదో తేల్చాలని మనసు లాగితే మైక్రోస్కోపీ వైపు రండి. కళ్లు లాగి, దీనికంటే వంద మంది సగటు తీసుకోవడం నయం అనిపిస్తే స్కానర్ వైపు వెళ్లండి.